మార్తా నోటుబుక్కులోని నంబరు

భిలాయికి మా దళం ఉదయం ఆరున్నరకు చేరింది. వరద డ్యూటీ. రెండు పడవలు, ఆరు రేడియో సెట్లు, ఒక జనరేటర్. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తొలి ఏళ్లవి. మూడు రోజులుగా వాన ఆగలేదు. నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దార్ని. ఒక బడి మేడమీద కంట్రోల్ రూమ్ పెట్టాం.

ఎనిమిదింటికి మేజర్ సాబ్ ఆర్డర్ వచ్చింది. నది ఒడ్డు బస్తీల్లో నెలలు నిండిన గర్భిణులను ముందు తీసుకురావాలి. వాళ్ల పేర్లు, ఇళ్ల గుర్తులు ఆరోగ్య కేంద్రం కంప్యూటర్లో ఉన్నాయి. కేంద్రం మా ఎదురుగానే, పొంగి పారుతున్న నాలా అవతల. కల్వర్టు కొట్టుకుపోయింది. ఆ వడిలో పడవ నిలవదు. బడికీ కేంద్రానికీ మధ్య వేసిన నెట్‌వర్క్ కేబుల్ మాత్రం తెగలేదు. అవతల కరెంటు ఉంది. కంప్యూటర్ ఆపేసి ఉంది.

దాని ఆపరేటర్ మార్తాను క్యాంప్ 1 బస్తీ నుంచి జీపులో తీసుకొచ్చారు. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరిన కార్మికుడి కూతురు. నిలువునా తడిసి ఉంది.

"దాన్ని ఇక్కణ్నుంచే లేపొచ్చు తల్లీ," అన్నాను. "ఆపేసినా, కరెంటుంటే దాని నెట్‌వర్క్ కార్డు పిలుపు వింటుంది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన కార్డు నంబరు కావాలి."

ఆమె ప్లాస్టిక్ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "కంప్యూటర్ పెట్టిన రోజే రాసీసుకున్నాను భయ్యా. ఇదేటి, జాతకమా అని ఆఫీసులో అందరూ నవ్వినారు."

నల్లటి తెరమీద కమాండ్ కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. లేదు. మార్తా నోటుబుక్కు మీదికి వంగింది.

"ఉండండి, ఉండండి. అది ఎనిమిది కాదు, బి. తడికి సిరా పాకీసింది."

మార్చి కొట్టాను. ఒక నిమిషం గడిచింది. తెరమీద జవాబు వరసగా రావడం మొదలైంది.

"లెగిసింది భయ్యా!" మార్తా నా భుజం చరిచి, వెంటనే సిగ్గుపడింది.

ఆ కేబుల్ మీదుగానే జాబితా తెరిచి ఏడు పేర్లు రేడియోలో చదివాను. పదకొండూ ఇరవైకి పడవలో ఉన్న మా నాయక్ గొంతు వినిపించింది. "కంట్రోల్, ఆరో ఇంట్లో నొప్పులు మొదలయ్యాయి. నీళ్లకి తలుపు తెరుచుకోవడం లేదు. పగలగొడుతున్నాం."

తొమ్మిది నిమిషాలు గడిచాయి. మార్తా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

"ఎక్కించాం. వస్తున్నాం. ఓవర్."

ఏడుగురూ చేరారు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో ఆరో ఇంటామెకు ఆడపిల్ల పుట్టింది.

ఐదో రోజు మా తిరుగు ప్రయాణం. బయల్దేరే ముందు మార్తాకు సెల్యూట్ చేశాను. "నాకెందుకండీ!" అంది కంగారుగా. నా సర్వీసులో అంత మనస్ఫూర్తిగా ఇంకెవరికీ చేయలేదు.

ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా ఒక్కటి కళ్లముందే ఉంది. ఆ పడవ ఒడ్డుకు వస్తోంది. కోడలి కడుపుమీద వాన పడకుండా ఒక ముసలామె రెండు చేతులతో ఇనుప తట్ట బోర్లించి పట్టుకుంది. తాను మాత్రం పూర్తిగా తడిసిపోతూ నవ్వుతోంది.