బంద్ నాడు యాడితోని మానుకోట పార్కుల

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న చలికాలం అది. నేను మహబూబాబాద్‌ల, మా నోట్ల మానుకోటల, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. హాస్టల్‌ల ఉండేదాన్ని. కురవి దాటి రోడ్డు దిగి లోపలికి పోతే మా తండా వస్తది. ఇంట్ల మాట్లాడేది లంబాడీ భాష. అమ్మను యాడి అంటం.

యాడికి రెండు కండ్లల్ల శుక్లాలు ముదిరినయి. మానుకోట దవాఖానల ముందుగాల ఒక కంటికి ఆపరేషన్ చేసిన్రు. మర్నాడు పగటేల కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు నా చేతిల పెట్టి, “ఇంటికి తోలుకపో బిడ్డా, కంట్ల దుమ్ము మాత్రం పడనియ్యకు” అన్నది నర్సమ్మ.

బయటికొచ్చి చూస్తే రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, ఆటో లేదు. ఆపరేషన్ పరేషాన్‌ల ఆనాడు బంద్ అన్న సంగతే మర్చిపోయిన. సాయంత్రం దాక ఏదీ కదలదన్నరు. నడిచిపోదామంటే దుమ్ము. హాస్టల్‌కు తోలుకపోదామంటే బయటోళ్ళను రానియ్యరు. ఏం చెయ్యాల్నో తోచక యాడి చెయ్యి పట్టుకొని మెల్లగ నడుస్తుంటే పార్కు గేటు వచ్చింది.

రెండేండ్ల సంది ఆ గేటు ముంగటి నుంచే కాలేజీకి పోతున్న. ఒక్కనాడు లోపల అడుగుపెట్టలే. బూట్లేసుకొని చక్కర్లు కొట్టెటోళ్ళ జాగ అనుకునేదాన్ని. యాడి ఆగి, “గేటు తెరిచే ఉన్నది గదనే. జరసేపు పోదాం” అన్నది మా భాషల.

లోపల ఎండ మెత్తగ ఉన్నది. బాదం చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతున్నయి. మా యాడి నాలుగడుగులేసి ఆగుడు, చూసుడు. బంతిపూల మడి కాడ వంగి ఒక పువ్వును అట్లనే చూస్తున్నది. “గింత పచ్చగ ఉంటదా” అన్నది. ఎన్నడూ చూడనిదా అని నవ్వొచ్చింది నాకు.

ఒక బెంచి మీద కూసున్నం. యాడి అద్దాలు జర పైకి లేపి నా దిక్కు చూసింది. చూసి, కనుబొమ్మ మీద వేలు పెట్టింది.

“ఈ గాటేందే?”

మొదటి ఏడు హాస్టల్ మెట్ల మీద జారి పడితే అయిన గాటు అది. కుట్లు పడ్డయి. కట్టు విప్పినంకనే ఇంటికి పోయిన. యాడి చూసి కూడ ఏంది, ఎట్లయింది అని ఒక్క మాట అడగలేదని అప్పటి నుంచి మనసుల పెట్టుకున్న. పట్నంల చదివే బిడ్డ మీద పట్టింపు లేదనుకున్న.

“యాడీ, నీకు గప్పటి సంది నా మొఖం కనిపిస్తలేదా?”

“కనిపిస్తుండె. పొగల ఉన్నట్టు కనిపిస్తుండె. నీ నడక చప్పుడు నాకు ఎరుకే గదా. చెప్తే నువ్వు చదువు ఇడిచిపెట్టి వస్తవని చెప్పలే” అన్నది.

మిరపతోటల ఆ కండ్లతోనే కూలికి పోయింది. నేను ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చిన. “ఆపరేషన్ నాకు, ఏడుపు నీకా” అని నవ్వింది యాడి.

పార్కు చుట్టు తిరుగుతున్న ఒక పెద్దామె అప్పటికి రెండుసార్లు మమ్ముల దాటిపోయింది. తెల్ల జుట్టు, నేత చీర, మీద ఉన్ని శాలువ. మూడోసారి ఆగింది. “ఏమైంది బిడ్డా? ఏ ఊరు మీది?”

యాడి తనకొచ్చిన తెలుగుల చెప్పింది. “కురవి కాడ తండా అవ్వా. కన్ను ఆపరేషన్ అయినది. నా బిడ్డ ఈడనే సదువుతుండు.”

“సదువుతుండు కాదు, సదువుతున్నది అను” అని గట్టిగ అన్న. సిగ్గయింది నాకు.

పెద్దామె బెంచి మీద మా పక్కన కూసున్నది. “నాకు సమజైంది గదా, ఎందుకు ఆపుతవు?” అన్నది. తాను బడిల పంతులమ్మగ పనిచేసి రిటైరయిందట. కొత్తగ నౌకరిల చేరినప్పుడు పిల్లలతోని ‘గిట్ల రా’ అంటే వేరే ప్రాంతం నుంచొచ్చిన హెడ్మాస్టరు అందరి ముంగట ఆమె మాటను ఎక్కిరించి నవ్విండట. “వారం రోజులు పుస్తకంల ఉన్నదే చదివిన. ఇంకో ముక్క మాట్లాడలే. బయట ఉద్యమమోళ్ళ టెంటుల మైకు ఇనపడుతుందా? నా అసొంటోళ్ళ కడుపుమంటే అది. మీ అమ్మను మాట్లాడనియ్యి బిడ్డా.”

కోపం లేదు ఆ గొంతుల. తల వంచుకున్న. యాడికి సగం అర్థమైందో లేదో, “నా బిడ్డ మంచోడు అవ్వా” అన్నది నా తరఫున. ముగ్గురం నవ్వినం.

తిన్నరా అని అడిగి, లేదంటే మమ్ముల గేటు బయటికి తోలుకపోయింది. బంద్ చేసెటోళ్ళు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. వేడి వేడి పప్పన్నం విస్తర్లల్ల పెట్టిన్రు. వకీళ్ళు, హమాలీలు, టీచర్లు, మేము, అందరం ఒకటే వరుస. టీచరమ్మ అడిగితే, గిన్నెలు తెచ్చిన కురవి ట్రాక్టరన్న బంద్ అయిపోయినంక మమ్ముల తండా దాక దించుతనన్నడు. ఎక్కేటప్పుడు ఆమె తన శాలువ తీసి యాడి తలకు, కండ్లకు దుమ్ము పోకుండ చుట్టింది. వాపసు ఎట్ల ఇయ్యాలె అంటే, “నేను రోజు ఈడనే తిరుగుత గదా” అన్నది.

రెండు వారాలకు శాలువ ఉతికి తీసుకపోయిన. అప్పటి నుంచి క్లాసులు అయిపోంగనే ఆమెతోని పార్కుల రెండు చక్కర్లు కొట్టేదాన్ని. నడుస్తనే పాఠాలు అడిగేది, నౌకరి పరీక్షలకు దరఖాస్తులు పెట్టించేది. నా ఇష్టమొచ్చిన తీరుగ మాట్లాడనిచ్చేది. తల్లి కన్నబిడ్డకు చేసినట్టు చేసింది, ఏ చుట్టరికం లేకుండనే.

యాడి రెండో కన్ను కూడ బాగైంది. తెలంగాణ వచ్చింది. నాకు కాటారం దిక్కు బడిల టీచరు నౌకరి వచ్చింది. టీచరమ్మ అప్పటికి జనగామల చెల్లె ఇంటికి మారింది. మొదటి సెలవులకే యాడిని ఎంబడిపెట్టుకొని జనగామ పోయిన. కాళ్ళు మొక్కబోతే పట్టుకొని ఆపింది. యాడి, ఆమె పత్తి ధర కాడి నుంచి మోకాళ్ళ నొప్పుల దాక పొద్దంత ముచ్చట పెట్టుకున్నరు. నేను పక్కన కూసొని చిక్కుడుకాయలు ఏరుకుంట ఇన్న.