ఇసుర్రాయి చుట్టూ ఆరంకెలు

మొన్న సూర్యాపేటలో కరెంటు పోయి మిక్సీ ఆగితే, కోదాడ నుంచి తెచ్చి మూలన పెట్టిన ఇసుర్రాయి లాగి పెసలు పోశాను. రాయి మీద రాయి గరగరమనగానే, ఆ పచ్చి పిండి వాసనతో పాటు రంగమ్మ టీచర్ గుర్తుకొచ్చారు.

కోదాడలో మా ఎదురింట్లో కిరాయికి ఉండేవారామె. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఎక్కాలు వచ్చు, అంతకు మించి లెక్కలంటే భయం. మా బిడ్డ సరిత ఆరో తరగతిలో లెక్కల పరీక్ష తప్పింది. లెక్కలు మా ఇంటికి అచ్చిరావనుకుని, ఎండాకాలం సెలవుల తర్వాత దాన్ని బడికి పంపొద్దని నిశ్చయించుకున్నాను. ఆ మాట టీచరమ్మ చెవిన పడింది. ఒక మధ్యాహ్నం నేను పెసలు ఇసురుతుంటే వచ్చి, పై రాయి అంచు చుట్టూ చాక్‌పీసుతో ఆరంకెలు రాశారు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు.

"లచ్చమ్మా, ఇది లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. రెండుతోని గుణించు."

"నా మొకానికి లెక్కలా టీచరమ్మా? రాయి కడగనీకి నీళ్లు దండుగ."

"నీళ్లు నేను మోసుకొస్తలే. కానియ్."

కాగితం దండుగని బొగ్గుముక్కతో గచ్చు మీద చేశాను. రెండు, ఎనిమిది, ఐదు, ఏడు, ఒకటి, నాలుగు. ఆమె రాయిని కాస్త తిప్పారు. రెండు దగ్గర మొదలుపెట్టి చుట్టూ చదివితే గచ్చు మీద నాకొచ్చిన సంఖ్యే! మూడుతో చేశాను. ఈసారి నాలుగు దగ్గర మొదలైంది. నాలుగుతో మాత్రం కుదరలేదు.

"సూసిన్రా, మీ మాయ ఖతం!" అని నా లెక్క చదివి వినిపించాను.

ఆమె గచ్చు వైపు చూడనే లేదు. "పదుల కాడ సున్న అంటివి. రాయి మీద సున్న ఏడున్నది?"

వెతికాను. లేదు. చేతిలో ఉంచుకున్న రెండు కలపడం మరిచాను. కలిపితే రాయి చెప్పినట్టే వచ్చింది. ఐదుతో, ఆరుతో కూడా అవే అంకెలు, అదే వరస.

"మరి ఏడుతోని?" అని నేనే అడిగాను.

"ఏడు నువ్వు చెయ్యకు. సరితతోని చేయించు," అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం సరిత బొగ్గు పట్టింది. చేసి, ఏడుపు మొహంతో అరచేత్తో చెరపబోయింది. "మల్ల తప్పు పోయిందే అమ్మా. అన్నీ తొమ్మిదులే వచ్చినయ్."

దాని చెయ్యి పట్టుకున్నాను. పక్కనే నేనూ చేశాను, చేతిలోవి మరవకుండా, ఒక్కో అంకె. ఆరు తొమ్మిదులు. గుళ్లో కూడా నా నోరు అట్లా మూతపడలేదు. ఆ అంకెలు అట్లా తిరగాలని ఎవరు పెట్టారో, మేము పుట్టక ముందు నుంచీ అట్లాగే తిరుగుతున్నాయి కదా అనిపించింది.

"తప్పు గాదు బిడ్డా," అన్నాను. "బడి తెరిసేది ఎప్పుడు?"

తర్వాతి ఏడాది టీచరమ్మ మిర్యాలగూడకు బదిలీ అయ్యారు. మళ్లీ కలవలేదు. ఇంట్లో ఎవరు ఏది తప్పని చెరపబోయినా ముందు నా చెయ్యి వాళ్ల చెయ్యి మీద పడుతుంది. చాక్‌పీసు గీతలు ఏనాడో పోయాయి. అయినా మొన్న రాయి తిప్పే ముందు, అంచు మీద ఒకటి అంకె ఎక్కడుండేదో తడిమి, అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.