చాట పట్టుకుని కాగజ్‌నగర్ దాకా

మా అల్లుడు రాసిన కార్డు వచ్చిన రోజు నేను పొలం గట్టు మీదే కూలబడి ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడ్చాను, ఎవరూ తప్పుగా అనుకోకండి. మా బిడ్డ రాజవ్వకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీ పిల్లా క్షేమమని అందులో ఉంది. మూడో తరగతితో చదువు మానినవాణ్ణి, ఆ నాలుగు వరుసలూ కూడబలుక్కుంటూ పదిసార్లు చదివాను. ఇంత సంబరం ఎందుకో చెప్పాలి. అంతకు ముందు రాజవ్వకు ఇద్దరు పుట్టి పోయారు. మొదటివాడు తొమ్మిది రోజులు బతికాడు. రెండోది ఎనిమిది నెలలు పెరిగి, మా చేతులకు బాగా అలవాటయ్యాక జ్వరమొచ్చి పోయింది.

పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మా దిక్కున ఒక ఆచారం ఉంది. బిడ్డను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. ఇంకో ఇంటి ఆమె వచ్చి, దొరికిన బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, గుప్పెడు నూకలకు మళ్లీ తల్లికే అమ్ముతుంది. పెంట మీద పారేసినదాన్ని మనమేం చేసుకుంటామని చావు పక్కకు తిరిగి పోతుందట. పేరూ అలాంటిదే పెడతారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న నా పేరు పెంటయ్య. నా ముందు నలుగురు పోయారు, నేను దక్కాను. మరి ఆచారం దండగ అని నేనెట్లా అంటాను? రాజవ్వ రెండో పిల్లకూ అట్లాగే చేసి పెంటమ్మ అని పిలుచుకున్నాం. అయినా పోయింది. ఆనాటి చాట పొరుగింటిది, అరువుది, అందుకే ఫలించలేదని నా భార్య నర్సవ్వ నమ్మకం. ఈసారి మేదరి ఇంటి ముందు కూర్చుని మరీ కొత్త చాట అల్లించింది. మోకాళ్ల వాపుతో తాను కదలలేదు కనుక నన్ను పంపింది.

"ఇరవై ఒకటో దినం దాటకముందే పండవెట్టాలె. పేరు పెంటమ్మనే. మాటియ్యి," అంది.

"ఇచ్చిన తియ్యవే," అన్నాను.

మెట్‌పల్లిలో కరీంనగర్ బస్సు తెల్లవారి ఐదింటికి. టికెట్టు రెండున్నర రూపాయలు. కొంచెం ముందుగా పోతేనే సీటు, లేకపోతే కోరుట్ల దాకా నిలబడాలి. నేను ముందే పోయాను, అయినా జగిత్యాల వచ్చేసరికి నడుము నాది కాకుండా పోయింది. చాట ఒళ్లో పెట్టుకుంటే పక్కాయన మోచేతికి తగులుతుంది, కింద పెడితే తొక్కుతారు. దాన్ని నెత్తికి బోర్లించుకుని కూర్చున్నాను. కండక్టర్ నవ్వి, "తాతా, వాన వడుతుందా లోపట?" అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేదు గానీ నవ్వాను. మనసంతా పండగే కదా! ఒళ్లే మాట వినలేదు.

కరీంనగర్ తొమ్మిదింటికి చేరాం. పది పైసల చాయ్ తాగి పెద్దపల్లి బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడ్డాను. పెద్దపల్లిలో రైలు పన్నెండుంబావుకని చెప్పారు, అది రెండింటికి వచ్చింది. మూడో తరగతి టికెట్టు మూడు రూపాయలలోపే. నేను నా చిన్నతనంలో నిజాం కాలాన ఇదే దిక్కుకు రెండు రోజులు నడిచి, ఒక రోజు బండెక్కి వచ్చాను. ఇప్పుడు ఒక్క పూట కష్టం. అయినా ముసలి మోకాళ్లకు ఆ లెక్క చెబితే వింటాయా?

పెట్టెలో నాకు ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన బ్లాకు ఆఫీసులో గ్రామసేవక్, కళ్లజోడు, చేతిలో పుస్తకం. ఇంకొకాయన మందమర్రి బొగ్గు గనిలో పనిచేసే మనిషి, ఎన్నిసార్లు కడిగినా పోని నలుపు గోళ్లలో. గని ఆయనే ముందు కదిలించాడు.

"తాతా, గీ చాటేంది? కాగజ్‌నగర్ల చాటలు దొర్కయా?"

"దొర్కుతయి బిడ్డా. గిది మా ఇంటిదే కావాలె," అని సంగతంతా చెప్పాను.

గ్రామసేవక్ పుస్తకం మూసేశాడు. "గిందుకే మన దేశం ఇంక ఎనకవడ్డది తాతా. అభివృద్ధి చెందిన దేశమంటే ఏందో ఎరుకేనా? మనిషికి ఎంత ఉక్కు, ఎంత కరెంటు, ఎన్ని మైళ్ల సడక్, గవన్ని సూస్తరు. గా దేశాలల్ల పిల్లలను పెంట మీద పెడ్తరా? మనది చెందుతున్న దేశం. గీ చాటలు పోవాలె ముందు."

నా ముఖం చిన్నబోయింది. చాటను కాళ్ల వెనక్కి జరుపుకున్నాను. చదువుకున్న పిల్లవాడు, చెడ్డ మాట అనలేదు. కానీ ఆ మాటలో నన్ను కన్న మా అవ్వ కూడా పడింది కదా అనిపించింది.

గని ఆయన ఊరుకోలేదు. "సారూ, గట్లనకు. నా పేరు పుల్లయ్య. ఎంగిలి ఇస్తార్ల, గదే పుల్లాకుల, పండవెట్టి ఎత్తుకున్నరు నన్ను. అప్పుడు మా ఊరికి దవాఖాన దగ్గరుంటే మా అవ్వ ఇస్తారి దిక్కు పోతుండెనా? ఇంకోటి సెప్పు. గీ రైలు ఉరికేది మేం తీసిన బొగ్గుతోని. మా ఇంట్ల సూస్తే కందిలి ఎలుగు. మరి నేను చెందిన దేశంల ఉన్ననా, చెందుతున్న దేశంల ఉన్ననా?"

పెట్టెంతా నవ్వింది. గ్రామసేవక్ కూడా నవ్వేశాడు. "నువ్వు రెండిట్ల ఉన్నవే పుల్లయ్యా, కాళ్లు దాంట్ల, తల్కాయ దీంట్ల," అని తన దగ్గరున్న పుట్నాలు ముగ్గురికీ పంచాడు. రామగుండం దాటి గోదావరి వచ్చేసరికి అందరం నిద్రకు తూగుతున్నాం. నది మీద ఎవరో లేపితే చేతులు జోడించి, మళ్లీ కళ్లు మూసుకున్నాను. మందమర్రిలో దిగుతూ పుల్లయ్య చాటను ఒకసారి తట్టి, "మనుమరాలు సల్లగుండాలె తాతా," అన్నాడు.

కాగజ్‌నగర్ చేరేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. అర్ధరూపాయికి రిక్షా మాట్లాడుకుని, అల్లుడు పనిచేసే కాగితం మిల్లు కాలనీకి పోయాను. గడపలో కాళ్లు కడుక్కోవడానికి వంగితే లేవలేకపోయాను, రాజవ్వే పట్టి లేపింది. ఆ తర్వాత పిల్లను నా ఒళ్లో పెట్టింది. ఏం చెప్పను! అరచేతంత ముఖం. నా వేలు పట్టుకుంది. పట్టుకుని వదలలేదు. అంత బలం అంత చిన్న చేతిలో ఎక్కడినుంచి వచ్చిందో! ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా ఉన్నది ఆ పిల్లే. నేను అన్నం తింటూనే నిద్రపోయానని మా అల్లుడు పొద్దున చెప్పి నవ్వాడు.

మరునాడు పిల్లకు ఇరవయ్యో రోజు. తెల్లవారగానే అల్లుడు షిఫ్టుకు పోయాడు. నేను చాట చంకన పెట్టుకుని పెంటకుప్ప వెతకడానికి బయలుదేరాను. ఈ వరుస చూశాను, ఆ వరుస చూశాను, నల్లాల దగ్గర చూశాను. ఎక్కడా కుప్ప లేదు! మా ఊళ్లో ఇంటింటికీ ఉంటుంది. చివరికి తోపుడు బండితో ఊడుస్తున్న ఒకామె కనబడింది.

"సెల్లే, గీడ పెంట యాడుంటది?"

"ఏం పారేస్తవే తాతా? బండ్ల ఎయ్యి."

"పారేసుడు కాదు బిడ్డా, మనుమరాలిని పండవెట్టాలె."

ఆమె చీపురు ఆనించి నిలబడి నన్ను కింది నుంచి మీదికి చూసింది. "కుప్ప కనవడితే మేస్త్రి నన్ను పండవెడ్తడు. పొద్దుగాల్ల ఆరుగొట్టంగనే అంత ఎత్తుతం. పొల్లను దవాఖానకు తోల్కపో పో, పెంట కాడికి గాదు," అని బండి తోసుకుంటూ పోయింది.

కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి రాజవ్వ గడపలో నిలబడి ఉంది. చాట చూసింది. నేనేమీ చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"అవ్వ పంపిందా?"

"అగో, అరువుది గాదు బిడ్డా ఈసారి. మన చాటనే."

"బాపూ," అంది, గొంతు పెంచలేదు. "పోయిన గా పొల్లను నా చేతులతోనే పెంట మీద పెట్టిన. పెంటమ్మా అని పిలిస్తే నవ్వుతుండె. గా పేరు మళ్ల నా నోట రాదు. అయినా నీ మాట కాదన. ఇయ్యాల దవాఖానల కార్డు రాస్తరు. పేరు నువ్వే చెప్పు. ఏం చెప్తే గదే రాయిస్త."

అట్లా ఆ బరువు నా మీద పడింది. చాట పట్టుకునే దవాఖానకు నడిచాను. ఇంట్లో వదలడానికి చెయ్యి రాలేదు.

దవాఖాన వరండాలో తల్లులు వరుసగా కూర్చున్నారు. అరుగు అంచు మీద నేనూ కూర్చున్నాను, ఎండ నెత్తికెక్కుతోంది. తెల్లచీర నర్సమ్మ కార్డులు చూసి తల్లి పేరూ పిల్ల పేరూ కలిపి పిలుస్తోంది. "పెంటమ్మ బిడ్డ సుగుణ." ఒకామె లేచింది. "పుల్లమ్మ కొడుకు ప్రకాశం." ఇంకొకామె. "భిక్షమ్మ బిడ్డ విజయ. ఇంకో పెంటమ్మ, నువ్వు గాదమ్మా, వెనకామె, నీ కొడుకు రవి." కునికిపాట్లు పడుతున్నవాణ్ణి నిటారుగా కూర్చున్నాను. తల్లులందరూ మావాళ్లే. పెంటలు, పుల్లాకులు, భిక్షలు. పిల్లల్లో అట్లాంటి పేరువాళ్లు ఒక్కరంటే ఒక్కరు కూడా లేరు! ఈ తల్లులను కన్నవాళ్లు భయపడి పేరు పెట్టారు. ఈ తల్లులు ముచ్చటపడి పెట్టుకున్నారు. మధ్యలో ఏం మారింది? ఈ వరండా, ఈ తూకం, ఈ కార్డు వచ్చాయి. గ్రామసేవక్ చెప్పిన లెక్కలో ఇది ఉందో లేదో నాకు తెలియదు.

మా వంతు వచ్చింది. తూకానికి కట్టిన గుడ్డ అంతకు ముందు పిల్లాడు తడిపేశాడు. నర్సమ్మ చుట్టూ చూసి, "తాతా, గా చాట ఇటియ్యి, కొత్తదే గద," అంది. నేను ఇచ్చాను. ముందు ఒట్టి చాట తూచి, రాజవ్వ తన కొంగు చింపి పరిచాక పిల్లను అందులో పడుకోబెట్టింది. ముల్లు ఊగి ఊగి నిలిచింది. "మంచిగుంది, ఫికర్ లేదు," అంది నర్సమ్మ. మా చాటలో మా పిల్ల! పెంట మీద కాదు, తూకం మీద.

"పేరు?" అంది కలం పట్టుకుని. రాజవ్వ నా వైపు చూసింది. రెండు రోజులుగా నోట్లో పెట్టుకుని వచ్చిన పేరు నాలుక మీదికి రాలేదు. ఇంకోటి అనుకుని రాలేదు.

"జల్ది చెప్పు తాతా, ఎనక మంది ఉన్నరు."

"నీ పేరేంది బిడ్డా?" అన్నాను.

"నాదెందుకు? కరుణ."

"గదే రాయి. నీకు పేరు వెట్టినోళ్లు భయపడలే."

నర్సమ్మ కలం ఆగింది. "మా అవ్వ పేరు పెంటమ్మే తాతా," అని కార్డు మీద అక్షరాలు దిద్ది రాసింది. రాజవ్వ నా భుజం మీద తల ఆనించింది. ఆ ఆనడంతోనే నా రెండు రోజుల నడుము నొప్పి గుర్తుకొచ్చింది, అంతసేపూ మరిచానని తెలిసింది.

మా ఊరికి తిరిగొచ్చాక నా భార్య నర్సవ్వ అడిగిన మొదటి మాట, "చాటల పండవెట్టిండ్రా?" "పెట్టినం," అన్నాను, తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చాటను ఒళ్లోకి తీసుకుని, కొంగు పరిచిన చోట చెయ్యి పెట్టి, "కరుణ," అని ఒకసారి పలికి చూసింది. సాయంత్రం అదే చాటతో బియ్యం చెరిగింది. ఏ దేశం ముందో, ఏది వెనకో పెద్దవాళ్లు ఉక్కుతో, కరెంటుతో తేల్చుకోనివ్వండి. ఒక తల్లి భయపడకుండా బిడ్డకు పేరు పెట్టగలిగే ఊరు నేను కళ్లారా చూశాను. బస్సుల్లో, రైల్లో పోతే ఒక్క రోజు దూరంలో ఉంది. ఒళ్లు హూనమైంది, అయినా మళ్లీ పోతాను. మా ఊరికీ అట్లాంటి దవాఖాన వచ్చి, ఇక్కడ నేనే ఆఖరి పెంటయ్యనైతే అంతకంటే ఏం కావాలి!

ఆ దారిన పసిపిల్లతో దవాఖానకు పోయేవారికి ఒక్క మాట. పెద్దపల్లి రైలు ఆలస్యంగానే వస్తుంది, సద్ది కట్టుకుని పోండి. పేరు మాత్రం ఇంట్లోనే అనుకుని పోండి, ఆ నర్సమ్మ కలం ఎక్కువసేపు ఆగదు.