గౌలిపురలో గేమింగ్ మౌస్

గేమింగ్ మౌస్ కొన్నానంటే జనం ముందు నా తలలోని తెల్లవెంట్రుకలు చూస్తారు, తర్వాత నా మొహం చూస్తారు. నేను ఆటలాడను. పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాను. ఫోటో స్టూడియో వాళ్లు పంపే ఫోటోల్లో, పెళ్లికూతురి వెనక నిలబడి ముక్కు గోక్కుంటున్న చిన్నాన్నలను తీసేసి అక్కడ పూలతోట పెట్టడం నా ఉద్యోగం. గౌలిపురలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. పని బాగా చేస్తానన్న గర్వం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు?

ఆ పనే నా కుడి మణికట్టును తినేసింది. జడలోని మల్లెల చుట్టూ గీత గీసి కత్తిరించాలంటే పొద్దంతా క్లిక్కులే. నా పాత మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పలికేది, రెండుసార్లు నొక్కితే అలిగేది. డాక్టరమ్మ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, పట్టీ కట్టి, "మౌస్ అయినా మార్చండి, పని అయినా మానండి" అంది. పని మానేసి ఇంట్లో ఊరికే కూర్చునే నన్ను నేనే భరించలేను. అందుకే మౌస్ మార్చడానికి బయల్దేరాను.

సైదాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. అక్కడి భాయ్ నా పట్టీ చూసి, గోడు విని, అక్కా అనడానికి బదులు బాజీ అంటూ అలమారలోంచి నల్లటి మౌస్ ఒకటి తీశాడు.

"బాజీ, ఇది తీస్కోండి. గేమింగ్‌ది, వైర్‌ది. సస్తాల మస్తు మాల్, తక్కువ పైసలకే. పోరగాళ్లు దినమంత కొట్టినా దీనికేం గాదు."

"నాకు తుపాకుల ఆట రాదు భాయ్. పెళ్లిళ్ల ఆల్బమ్‌లు చేస్త."

"పెళ్లిళ్లల్ల ఉన్నంత లొల్లి ఆటలల్ల ఏడుంటది బాజీ? తట్టుకుంటది, తీస్కపోండి."

ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టాను. నేను దేన్నీ అంత తొందరగా మెచ్చుకునే రకం కాదు. బెండకాయ కొస విరిచి చూడనిదే కొనను. ఈ మౌస్ మాత్రం అరచేతి నిండా కూర్చుంది, వేళ్లు హాయిగా కాళ్లు చాపుకున్నట్టు పడుకున్నాయి. చక్రం కింద ఒక చిన్న బటన్ ఉంది. అది నొక్కితే తెర మీద బాణం వేగం మారుతుంది. వేగం పెంచితే ఈ మూల నుంచి ఆ మూలకు దూకుతుంది, తగ్గిస్తే కనుబొమ్మ వెంట్రుక చుట్టూ కూడా బుద్ధిగా నడుస్తుంది. బొటనవేలి దగ్గర రెండు బటన్లున్నాయి. చేసిన తప్పును వెనక్కి తీసుకునే పని వాటిలో ఒకదానికి అప్పగించాను. ఇంత సుఖాన్ని ఇన్నాళ్లూ పోరగాళ్లే అనుభవించారని తెలిసి నాకు కడుపు మండింది.

లోపాలు లేవని కాదు. నవారులా అల్లిన వైరు కొంచెం బిరుసు, బల్ల అంచుకు తట్టుకుంటుంది. క్లిక్కు చప్పుడు పక్కింటావిడ పనిగట్టుకుని వచ్చి ఏమిటా అని అడిగేంత గట్టిగా ఉంది. ఇక లైట్లు! ఏడు రంగులూ ఒకదాని వెంట ఒకటి మెరుస్తాయి. వాటిని ఆర్పే ఉపాయం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ లైట్లు చూసి మా అత్తమ్మ గదిలోకి వచ్చింది.

మాది పాలు అమ్మిన ఇల్లు. బర్రెలున్న రోజుల్లో అత్తమ్మ ప్రతి శుక్రవారం వాటి నొసట బొట్టు పెట్టేది. బర్రెలు పోయాయి గానీ అలవాటు పోలేదు. ఇప్పుడు ఫ్రిజ్, మిక్సీ, గ్యాస్ బండ, ఇన్వర్టర్, అన్నీ ముత్తయిదువుల్లా బొట్టుతో ఉంటాయి. బేగంబజార్ పోయి కుంకుమ కిలో లెక్కన తెస్తుంది. నా కంప్యూటర్ బల్ల దగ్గరికి మాత్రం నేను రానివ్వను.

"ఏందే ఇది, గణపతి మంటపం లెక్క మెరుస్తుంది? దిష్టి తగుల్తది. ఓ బొట్టు పెట్టనియ్యి."

"వద్దత్తమ్మా, పైన గిట్ల కుంకుమ పడితే ఖరాబైతది."

ఆమె నా పట్టీ వంక ఓసారి చూసి వెళ్లిపోయింది.

ఆ వారమంతా నా చెయ్యి హాయిగా ఉంది. పట్టీ కూడా విప్పేశాను. శుక్రవారం పొద్దున స్నానం చేసి వచ్చి కూర్చునేసరికి బాణానికి పూనకం వచ్చింది. జరిపితే కదలదు, కదిలితే ఆగదు. పెళ్లికొడుకు మీసం సగం ఎగిరిపోయింది. వైరు పీకి మళ్లీ పెట్టాను. పేపరు మీద, క్యాలెండరు అట్ట మీద, చివరికి నా మోకాలి మీద జరిపి చూశాను. తిరగేసి చూస్తే కింద, కదలికను కనిపెట్టే ఎర్రలైటు ఎర్రగానే ఉంది. మరి రోగమేమిటి? మౌస్‌ను బిగపట్టి పట్టి మణికట్టు మళ్లీ గుంజడం మొదలుపెట్టింది.

అప్పుడే స్టూడియో ఆయన ఫోన్ చేశాడు. "అక్కా, ఇయ్యాల పొద్దుగూకేదాక ఆల్బమ్ రాకపోతె వేరేటోళ్లకిస్త. ఏమనుకోకు, నీ చెయ్యి మంచిగ లేదంటున్నరు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు వెంటనే కోపం వస్తుంది. ఆటో ఎక్కి సైదాబాద్ దాకా తిట్లు నెమరేసుకుంటూ పోయాను.

"ఏం భాయ్, మస్తు మాల్ అంటివి! వారం నడవలే!"

భాయ్ మౌస్‌ను తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాజీ, ఇంక వైర్ పెట్టనే లేదు గదా. లైట్ ఎర్రగ ఎట్లున్నది?"

నేనూ వంగి చూశాను.

"కుంకుం హై బాజీ" అన్నాడు, దూదితో తుడుస్తూ. "పెళ్లిళ్లు చేస్తనంటిరి. మౌస్‌కే చేసేసిన్రు."

దుకాణమంతా నవ్వింది. కంప్యూటర్‌కు పెట్టగానే బాణం బుద్ధిగా పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా మొహం చూడగానే విషయం తెలిసిపోయింది ఆమెకు.

"నేనే పెట్టిన. పైన పెట్టొద్దంటివి, కింద పెట్టిన. ఆడ దీపం లెక్క ఎలుగుతుంటె మొఖం అదేనేమో అనుకున్న."

"ఎందుకత్తమ్మా? ఒక్క మౌస్‌కు బొట్టు లేకుంటే ఏమైతది?"

"మౌస్ కోసం గాదే. పట్టీ ఉన్నన్ని దినాలు నువ్వు ఎడమ చేత్తోని చెంచ పట్టుకొని తింటుంటె సూడబుద్ధి కాకపాయె. మల్ల గట్ల కావొద్దని."

తిరుగు ఆటోలో ఆమె కోసం పోగేసిన తిట్లన్నీ మింగేశాను. సిగ్గేసింది, ఆమె మీద ప్రేమ పొంగింది. చెప్పడం చేతగాక లోపలికెళ్లి పనిలో కూర్చున్నాను. పెళ్లికొడుకుకు మీసం తెచ్చిపెట్టి, పొద్దు గూకకముందే ఆల్బమ్ పంపించేశాను. పని పోలేదు. చెయ్యీ గుంజలేదు.

అప్పుడు మౌస్ పట్టుకుని, కుంకుమ భరిణె తీసుకుని ఆమె ముందు కూర్చున్నాను.

"పైన పెట్టత్తమ్మా. ఇగో, ఈ వీపు మీద."

ఆమె వేలు తడి చేసి కుంకుమలో అద్దింది. మౌస్‌ను పక్కకు జరిపి నా కుడి చెయ్యి దగ్గరికి లాక్కుంది.

"అది ఖరాబైతె ఇంకోటొస్తది" అంటూ నా మణికట్టు మీద బొట్టు పెట్టింది.