పెంచలయ్య శెట్టి నల్ల వేలిముద్ర

వెలుగుతున్న బల్బు కంటబడితే పెంచలయ్య శెట్టి చెయ్యి ఊరుకోదు. ఆ బల్బు ఎవరిది, ఇల్లు ఎవరిది, దాని కింద కూర్చుని అన్నం తింటున్నది ఎవరు అన్న విచారణ ఆయనకు అనవసరం. పోయి టక్కుమని ఆపేస్తాడు. జుబ్బా జేబులో ఎప్పుడూ ఒక బొగ్గుపెళ్ల ఉంటుంది. దాన్ని తడుముతూ తిరిగే బొటనవేలితోనే స్విచ్చి నొక్కుతాడు కాబట్టి, ఆపిన ప్రతి స్విచ్చి మీదా నల్లటి ముద్ర ఒకటి మిగిలిపోతుంది. పత్తికొండకు ఆవల ఆస్పరి దారిలో ఉన్న ఆ ఊళ్లో ఆ ముద్ర లేని ఇల్లు లేదు. ఆడవాళ్లు బూడిద పెట్టి తోమి, "ఆఫ్ శెట్టి వచ్చిపోయినాడు" అనుకుని మళ్లీ లైటు వేసుకునేవాళ్లు.

ఈ బొగ్గు సంగతి ముద్దనూరులో మొదలైంది. ఏదో పనిమీద అటు పోతుంటే రైలు గేటు దగ్గర బస్సు ఆగింది. బొగ్గు గూడ్సు పోతోంది. పోతోంది. పోతూనే ఉంది. బస్సులో సగంమంది నిద్రపోయి లేచారు. ఒకాయన దిగి టీ తాగి, రెండో టీ కూడా తాగి వచ్చాడు. గూడ్సు మాత్రం అయిపోలేదు.

"ఇదంతా యాడికప్పా?" అని శెట్టి కండక్టరును అడిగాడు.

"థర్మల్ స్టేషన్‌కు. కాల్చి కరెంటు తీస్తారు."

"ఇది ఎన్నేండ్లకొస్తాది?"

"రేపు ఇంకో రైలొస్తాది శెట్టీ, పోయి కూర్చో."

శెట్టి కూర్చోలేదు. దిగి పట్టాల పక్కన పడి ఉన్న పెళ్ల ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు, బల్బులు చుట్టి ఇచ్చే పాత పేపర్లో, ఆ పొగంతా ఎక్కడికీ పోకుండా ఆకాశంలోనే ఉండి భూమిని వేడెక్కిస్తుందని చదివాడు. కర్నూలు జిల్లా మనిషికి అంతకంటే విడమరిచి చెప్పాల్సిన పని లేదు. "ఉండే ఎండ చాలదని మనమే పైన ఇంకో పొయ్యి రాజేసుకుంటాండామా" అని ఆ రోజు తన అంగట్లో తిరుగుతున్న ఫ్యాను ఆపి మొదలుపెట్టాడు.

అవును, అంగడే. ఆయన అమ్మేది కరెంటు సామాన్లు.

"వంద క్యాండిల్ బల్బు ఇయ్యి శెట్టీ."

"యాడికప్పా?"

"వసారాకు."

"వసారాలో ఏం చేస్తారు?"

"కూర్చుంటాం."

"కూర్చున్నట్ల నీకు తెలుస్తాది గదా. దానికి మళ్లా ఎలుతురెందుకు?"

ఆటో స్టార్టరు అనే సామానునైతే గడప తొక్కనివ్వలేదు. పొలాలకు ఫ్రీ కరెంటు విడతలుగా వస్తుంది, ఎప్పుడొస్తుందో ఆ వేళకు రైతు బావి దగ్గర ఉండలేడు. ఈ సామాను బిగిస్తే కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరుగుతుంది. మడి నిండిందా లేదా అన్నది మాత్రం దానికి తెలియదు. ఎదురు అంగట్లో అవి వేడి మిరపకాయ బజ్జీల్లా అమ్ముడుపోతుంటే, కొడుకు తేజేశ్వర్ తట్టుకోలేకపోయాడు. "నాయనా, నీకు దండం పెడతా. అంగడి నేను చూసుకుంటా, నువ్వు ఇంటికాడుండు" అన్నాడు. దాంతో శెట్టికి ఊరంతా తిరిగి ఆపడానికి తీరిక దొరికింది.

ఒక పెళ్లి ఆయన పరువు తీసింది. పట్టపగలు ముహూర్తం. పందిరినిండా సీరియల్ సెట్లు, ఫొటో ఆయన పెద్ద లైటు. శెట్టి అక్షింతలు వేసి, వెనక్కి పోయి, మెయిన్ ఆపాడు. సరిగ్గా అప్పుడే తాళి పడింది. ఫొటో పడలేదు. మేళం మైకు కూడా ఆగిపోయింది. ఫొటో కోసం పెళ్లికొడుకు రెండోసారి ముడి వేయాల్సి వచ్చింది. పెళ్లికూతురి మేనమామ శెట్టి జుబ్బా పట్టుకుని గేటు దాకా సాగనంపాడు. ఆ తర్వాత శెట్టి ఇంటికి శుభలేఖలు రావడం మానేశాయి. వీధిలో ఆయన కనిపిస్తే తలుపులు దగ్గరికి పడేవి. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు పేరంటాలు కూడా తగ్గాయి. సాయంత్రాలు మొగుడూ పెళ్లాం చీకటి వసారాలో కూర్చునేవాళ్లు. దారిన పోయేవాళ్లకు వాళ్లు కనిపించేవాళ్లు కాదు, కాబట్టి ఎవరూ పలకరించేవాళ్లు కాదు.

నవీన్ సబ్‌స్టేషన్‌కు వచ్చింది ఆ రోజుల్లోనే. మైదుకూరు పక్క కుర్రాడు. ఇంజనీరింగు రెండో ఏడు మధ్యలో, ఈ చదువు నాకు పట్టదు అని మాస్టరు ముఖాన్నే చెప్పి వచ్చేశాడు. తండ్రి వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని కాంట్రాక్టు ఆపరేటరు పని ఇప్పించి, "ఇది గూడా ఇడ్సినావంటే మైదుకూరు దావ మర్చిపో" అన్నాడు. సబ్‌స్టేషన్ ఊరికి దూరం. కంచె, కంకర, పగలూ రాత్రీ గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మరు, ఒక గది, ఒక ఫోను. మనిషన్నవాడు రాడు. ఫోను మోగిందంటే తిట్లే. కరెంటు పోయిందని తిట్లు, ఎప్పుడిస్తావని తిట్లు, ఇచ్చినందుకు ఎవరూ ఫోన్ చేయరు. ఒక్కోరోజు నవీన్ డ్యూటీ దిగేసరికి తన గొంతు తనకే గుర్తుండేది కాదు.

ఒక పొద్దున ఫోను మోగింది.

"కరెంటు పోలేదు, ఉండాది" అన్నాడు నవీన్ ముందే.

"అదే అడుగుతాండా. ఎందుకుండాది?"

నవీన్ రిసీవరు వంక చూశాడు. "ఎవురు మాట్లాడేది?"

"పెంచలయ్య శెట్టిని. పైన సూర్యుడు ఎలుగుతాండాడు, కింద వీధిలైట్లు ఎలుగుతాండాయి. ఇద్దర్లో ఒకర్ని ఆపల్లప్పా. ఆయన్నైతే నేను ఆపలేను."

నవీన్ నవ్వాడు. ఆ గదిలో నవ్వు ఎట్లా వినిపిస్తుందో అతనికి అప్పుడే తెలిసింది. వీధిలైట్లు తన చేతిలో లేవు, పంచాయతీ వాళ్లను అడుగు అని చెప్పి పెట్టేయొచ్చు. పెట్టలేదు.

ఇక అతని పగటి డ్యూటీలో రోజూ ఆ ఫోను. లోకంలోని ఏ కబురైనా శెట్టికి బొగ్గు లెక్కలోనే అర్థమయ్యేది.

"పొగ తగ్గించాల్నని దేశాలోళ్లంతా బాలి దీవిలో కూడినారంట, పేపర్లో ఏసినారు."

"మంచిదే గదా శెట్టీ."

"అంతమంది కూడినాక ఏసీలు ఎన్ని ఏసింటారు? లేసి పొయ్యేటప్పుడు ఎవుడన్నా ఆపినాడంటావా?"

"ఏమో. నువ్వు పోవాల్సింది."

"పిలిస్తే పోనా? కరెంటు ఎట్ల తియ్యాల్నో సర్కారు ఆలోచిస్తాది. ఎట్ల ఆపల్లనో ఆలోచించేదానికి ఒక మనిషి వద్దా?"

ఎండలు ముదిరాయి. పొలాల విడత మొదలయ్యే క్షణాన ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి లేచేవి. కావలసిన మోటరు, అక్కర్లేని మోటరు, నిండి పొర్లుతున్న మడి మోటరు, అన్నీ. లోడు తట్టుకోలేక లైను ఢామ్మని పడిపోయి, కరెంటు మొత్తం ఆగేది. ఒకనాడు పొలాల్లో ట్రాన్స్‌ఫార్మరే కాలింది. రైతులు వచ్చి కంచె బయట నిలబడి నవీన్ ముత్తాతల దాకా తిట్టారు. ఇంజనీరు వచ్చి నిదానంగా, "ఇంకొకటి నీ డ్యూటీలో కాలిందంటే నీ జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకుంటాను" అన్నాడు. తిట్లకంటే ఆ నిదానానికే నవీన్‌కు భయం వేసింది. చెప్పుకోవడానికి ఎవరున్నారు? మర్నాడు ఫోనులో శెట్టికే చెప్పాడు, మైదుకూరు దావ సంగతితో సహా.

 "బుడ్డలకు నీళ్లెక్కువైతే ఊడలు కుళ్లిపోతాయి, తెల్సునా నీకు?" అన్నాడు శెట్టి.

తన బతుకు పోతోందంటే వేరుశనగ గురించి చెబుతాడేమిటి అని నవీన్‌కు ఒళ్లు మండింది.

కానీ ఆ తర్వాత అతని పగటి డ్యూటీలో లైను పడలేదు. మిగతా వాళ్ల డ్యూటీల్లో మామూలే. నవీన్ ఈ ఘనతలో సగం మంత్రాలయం స్వామికి ఇచ్చి, సగం తను ఉంచుకున్నాడు. ఇంజనీరు కూడా, "నీ చెయ్యి మంచిదిరా" అన్నాడు.

ఒకసారి పగటి డ్యూటీ వారం మొదలైనా శెట్టి ఫోను రాలేదు. మొదటిరోజు నవీన్ పట్టించుకోలేదు. రెండోరోజు ఫోను చెడిందేమోనని రిసీవరు ఎత్తి విన్నాడు. బాగానే ఉంది. మూడోరోజు తిట్టడానికి ఎవరో చేస్తే, ఆ గొంతు కాదని ముఖం చిన్నబోయింది. ఆనాడే విడత మొదలవగానే లైను ఢామ్మంది. ట్రాన్స్‌ఫార్మరు కాలలేదు గానీ, నవీన్ గుండె కొద్దిగా కాలింది.

డ్యూటీ దిగి, సైకిలు నడిపించుకుంటూ పొలాలకు అడ్డంపడి ఊరివైపు బయల్దేరాడు. మొదటి బోరు దగ్గర స్టార్టరు డబ్బా కనిపించింది. ఎర్ర మీట మీద నల్లటి వేలిముద్ర. పక్క పొలంలోనూ అంతే. ఆ పక్క పొలంలోనూ.

చిన్న ఈరన్న అనే రైతు గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు.

"ఇదెవురి ఏలన్నా?" అన్నాడు నవీన్.

"ఇంకెవురిది, ఆఫ్ శెట్టిది. కరెంటొచ్చే యాళకు గొడుగేసుకుని తయారైతాడు. నిండిన మడి యాడ కనపడితే ఆడ ఆపేది."

"మీరు ఊరకుంటారా?"

"తిట్టినాం. ఫ్రీ కరెంటుకు నీకేం నొప్పి అంటే, ఫ్రీ నీకప్పా, బొగ్గుకు గాదు అంటాడు. పాపం, నీళ్లు తగ్గి బుడ్డలు మటుకు బాగుండాయి ఈ తూరి. మొన్న కాలవలో జారి కాలు ఇరగ్గొట్టుకున్యాడు."

"దినామూ వస్తాడా?"

"అదే తిక్క. ఒగ వారం వస్తాడు, ఒగ వారం రాడు."

వచ్చే వారం ఏదో, రాని వారం ఏదో నవీన్‌కు విడమరచి చెప్పనక్కర్లేదు. తన పగటి డ్యూటీ కూడా వారం విడిచి వారమే.

శెట్టి ఇంటికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. చీకటి వసారాలో మంచం, మంచం మీద కట్టుకట్టిన కాలు, కాలికి అవతల ఎక్కడో శెట్టి.

"సబ్‌స్టేషన్ నవీన్‌ను శెట్టీ."

"తెల్సు. గొంతు ఇనలేదా నేను? కూర్చో, ఎదురుగ్గా కుర్చీ ఉండాది, తడుముకో."

రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చింది. "నువ్వేనా నాయనా? నీ డ్యూటీ వారం ఈయప్ప ఇంట్లో నిలవడు. డ్యూటీ లేని వారం మంచం దిగడు. అదేమంటే, ఈ వారం బొగ్గు కాలనీలేవే అంటాడు."

"కాళ్లనొప్పులు" అన్నాడు శెట్టి చీకట్లోంచి. "వారం మార్చి వారం వస్తాయి."

"నాకోసరం ఎందుకు తిరిగినావు శెట్టీ ఆ ఎండలో?"

"నీకెవురు తిరిగిరి? బొగ్గుకు తిరిగినా." గొంతు తగ్గించాడు. "ఈ ఊర్లో నేను మాట్లాడితే పెట్టెయ్యకుండా ఇన్నోడివి నువ్వొగడివే. నిన్ను పీకేస్తే ఇంకొకడొస్తాడు. వాడు ఇంటాడో ల్యాదో."

నవీన్ మజ్జిగంతా తాగాడు. 

"ఫోను అంగట్లో ఉండాది" అన్నాడు శెట్టి, సంజాయిషీ చెబుతున్నట్టు. "ఆడిదాకా నడిచేకి కాదు."

"నేనే వస్తాలే, డ్యూటీ దిగినాక. ఆ బొగ్గుపెళ్ల ఇట్లియ్యి."

"నీకెందుకు?"

"కాలు బాగయ్యేదాకా ఆపల్ల గదా. పొద్దున నా డ్యూటీకి ముందే ఆ నిండిన మళ్లోళ్లతో మాట్లాడి, మీటలు ఆపిచ్చి పోతా."

"ఇచ్చేదీ నువ్వే, ఆపేదీ నువ్వేనా?" శెట్టి చాలాసేపు నవ్వాడు. జేబులోంచి తీసి అరచేతిలో పెట్టాడు. "జాగ్రత్త. శానా అరిగింది."

నవీన్ మెట్లు దిగుతుంటే వెనక టక్కుమంది. వసారా బల్బు వెలిగింది. అంత వెలుతురు ఉన్నట్టుండి పడేసరికి మెట్టు మీది కుక్క లేచి పక్కకు పోయింది.

ఎదురింటి విశ్వాసమ్మ పరుగున బయటికి వచ్చింది. "శెట్టి ఇంట్లో లైటేసినారే. ఏమైందమ్మా? శెట్టి బాగుండాడా?"

"బాగుండాడు, పోయి పనిచూసుకో" అంది రాజ్యలక్ష్మమ్మ. తర్వాత మొగుడితో, "ఏమండీ, పిల్లోడు దిగినాడు గదా, ఆపేదా?"

"ఉండనీ. ఆ మూల తిరగనీ."

నవీన్ సైకిలు ఎక్కలేదు. మూల దగ్గరే ఉంది, అయినా నడిపించుకుంటూ, నిదానంగా, ఎంత నిదానంగా నడవొచ్చో అంత నిదానంగా పోయాడు. మూల తిరిగాడు.

టక్.