ఖాదర్ సాబ్ సామెతల ఇంగ్లీషు

పొద్దున్నే పక్కింటి గోడ మీదుగా ఒక పిల్లవాడి గొంతు వినబడుతుంది. "గివ్ అప్ అంటే వదిలిపెట్టుట, పుట్ అప్ విత్ అంటే సహించుట" అని ఊపిరాడకుండా బట్టీ వేస్తుంటాడు. కామారెడ్డిలో ఇంత వయసు వచ్చాక కూడా ఆ అరుపు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం ఆ పిల్లవాడి మీద కాదు. నిజాం కాలంలో ఎల్లారెడ్డి బడిలో మేమూ అట్లాగే అరిచేవాళ్లం. మా ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఇంగ్లీషు మాటకు ఉర్దూలో అర్థం చెప్పేవారు. తెలియని మాటకు తెలియని మాటే అర్థం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు చదివి, తప్పితే బెత్తం దెబ్బలు తినేవాళ్లం.

ఆ చదువును మార్చినవాడు మా ఇంగ్లీషు పంతులు ఖాదర్ సాబ్. ఆయన ఇంటి భాష ఉర్దూ. అయినా ఎల్లారెడ్డిలో పుట్టి పెరిగినవాడు గనుక తెలుగు మాకంటే దిట్టంగా మాట్లాడేవాడు. వచ్చిన కొద్దిరోజులకే బెత్తం అల్మారా వెనక పడేశాడు.

"ఇంగ్లీషోళ్లు గూడ మన లెక్కనే సామెతలు చెప్పుకుంటరు బిడ్డా. ఇంటికాడ పెద్దోళ్లను అడిగి తలా ఒకటి పట్కరాండ్రి. దానికి జోడు నేను దేవులాడి పెడత."

మర్నాడు నేను మా నాయనమ్మ నోటి నుంచి "పెనం మీదికెల్లి పొయ్యిల పడ్డట్టు" తెచ్చాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఫ్రయింగ్ ప్యాన్ నుంచి ఫైర్‌లోకి అని మా అందరితో పలికించి, "చూసినవా, మీ నాయనమ్మకు సగం ఇంగ్లీషు వచ్చినట్టే" అన్నాడు. బండి ఇరుసు విరిగిన చోటికి తీసుకెళ్లి బ్రేక్ డౌన్ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి మేము ఇంగ్లీషులో పోట్లాడుకునే దాకా వచ్చాం. మా బాపు మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పుడు పట్నం నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. తరగతిలో ఉర్దూకు బదులు తెలుగు వినబడగానే ఆయన ముఖం మాడిపోయింది. ఇంగ్లీషులో అడిగినవాటికి మేము టకటకా జవాబులు చెప్పాం. అవేవీ ఆయన చెవికెక్కలేదు. ఊరి పెద్దలను బడి ముందు కూర్చోబెట్టి, ఈయన చదువు మీకు సమ్మతమైతే ఉంచుతాను, కాకపోతే మరాఠీ మాట్లాడే మద్నూరుకు పంపుతాను అన్నాడు. ఒక్కరు ఔనంటే చాలు. మా బాపు ముందు వరసలోనే ఉన్నాడు. తల వంచుకుని రుమాలు సర్దుకున్నాడు. మిగతావాళ్లూ నేలచూపులు చూశారు.

ఇంటికొచ్చాక ఏడుస్తూ నిలదీశాను. "ఒక్క మాట ఎందుకు చెప్పలే బాపు?"

"సర్కారోళ్లతోని మనకెందుకురా లొల్లి? ఇంకో పంతులు అస్తడు తియ్."

సాబ్ బండెక్కుతుంటే ఆ మాట పళ్లు కొరుకుతూ ఆయనకు చెప్పాను. ఆయన నా తల నిమిరాడు.

"బాపు మీద గుస్సా గాకు బిడ్డా. మద్నూరుల మరాఠీ సామెతలు నేర్చుకుంట. నాకేం తక్కువైతది?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. కొత్త పంతులు వచ్చీ రాగానే బెత్తం వెతికి తీశాడు.

గుస్సా కావద్దన్న ఆ ఒక్క మాట తప్ప ఆయన చెప్పినవన్నీ నేర్చుకున్నాను. నేనూ ఇంగ్లీషు పంతులునే అయ్యాను, ఆయన పద్ధతిలోనే చెప్పాను. లెట్ డౌన్ వచ్చిన రోజు పిల్లలు "చెయ్యిచ్చుడు సార్!" అని అరిచేవాళ్లు. వాక్యంలో పెట్టమంటే మాత్రం దిక్కులు చూసేవాళ్లు. మా బాపు ఖాదర్ సాబ్‌కు చెయ్యిచ్చాడని నేనే ఇంగ్లీషులో నల్లబల్ల మీద రాసేవాణ్ణి. బాపు బతికున్నప్పుడూ రాశాను, పోయాకా రాశాను.