గాలిని చూసే ప్రవళిక

ప్రవళిక ఒకచోట కుదురుగా నిలబడదు. నల్గొండ బస్టాండులో బస్సు కోసం చూస్తున్నా ఆమె కళ్లు టీ కొట్టు పరదా ఎటు కొట్టుకుంటోందో చూస్తుంటాయి. మాట్లాడుతున్న మనిషిని వదిలేసి గాలికి ముఖం తిప్పుతుంది. ఆమె పని చిన్న విమానం నడపడం నేర్పడం. దానికి రెండే సీట్లు, తోక కింద ఒక బుల్లి చక్రం. నేల మీద నడుస్తున్నప్పుడు కూడా పక్కగాలి దాని తోకను పట్టి గిర్రున తిప్పేయగలదు.

మోత్కూర్‌లో సేద్యం చేసే తండ్రి లింగస్వామిని ఒక ఎండాకాలం సాయంత్రం మొదటిసారి పక్కన కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్లింది. దిగే వేళకు ఈదురుగాలి లేచింది. నేల రెండు నిలువుల దూరంలో ఉండగా ఒక విసురు రెక్కను ఎత్తేసింది. ఆమె వెంటనే ఇంజను జోరు పెంచి విమానాన్ని మళ్లీ పైకి లేపింది.

"దిగుతమనంగ మల్ల ఎందుకు లేపినవ్ బిడ్డా?"

"గాలి సక్కగ లేదు బాపు. ఇంకోసారి చూస్త."

రెండోసారి గాలివైపు రెక్కను కాస్త వంచి, ముందు ఒక చక్రం మీద మెల్లగా దించింది. లింగస్వామి ఊపిరి పీల్చుకుని బెల్టు విప్పబోయాడు.

"ఆగు బాపు, ఇంక అయిపోలే!" అని ఆమె అరిచింది.

అంతలోనే తోక పక్కకు జారింది. తోకను తిప్పే పెడళ్ల మీద ఆమె పాదాలు అటూ ఇటూ పరుగెత్తాయి. రన్‌వే అంచున, గడ్డికి జానెడు ఇవతల విమానం ఆగింది.

ఇంజను ఆపాక కూడా గాలి తోకను లేపుతూనే ఉంది. లింగస్వామి దిగి వెళ్లి, తోకను రెండు చేతులా కావలించుకుని ఒంటి బరువంతా దాని మీద వాల్చాడు.

"నువ్ పోయి దీన్ని కట్టేసేటందుకు తాళ్లు తే బిడ్డా. గప్పటిదాంక నేను పట్టుకుంట."